బిల్డ్ మెషీన్ చేతిలో మన తాళాలు

ఈ వారం ఎపిసోడ్ వినడానికి కుదరనివాళ్ల కోసం ఇది రాతరూపం.

మన శ్రోతల్లో చాలామందికి సీఐ పైప్‌లైన్ కొత్త కాదు. కోడ్ పుష్ చేస్తాం, టెస్టులు నడుస్తాయి, అదే సర్వర్ మీదకి వెళ్లిపోతుంది. మనిషి లేకుండా ఇదంతా జరగాలంటే ఆ మెషీన్ దగ్గర క్లౌడ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డులు, గిట్‌హబ్ టోకెన్లు ఉండాల్సిందే. ఊళ్లో అందరి తాళాలూ ఒక్క కాపలాదారుకి ఇచ్చినట్టు. ఇక దొంగ ఇల్లిల్లూ తిరగక్కర్లేదు కదా!

సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొహ్సుకే కవాగుచి మొదలుపెట్టిన హడ్సన్ నుంచి 2011లో జెంకిన్స్ పుట్టింది. అప్పట్లో బిల్డ్ సర్వర్ ఎక్కువగా ఆఫీసు నెట్‌వర్క్ లోపలే ఉండేది. క్లౌడ్ సర్వీసులు వచ్చాక మన తాళాలు పక్కవాళ్ల ఇంటికి చేరాయి.

2021 జనవరి 31న కోడ్‌కవ్ వంతు. డాకర్ ఇమేజ్ తయారీలో దొర్లిన తప్పు వల్ల చిక్కిన క్రెడెన్షియల్‌తో ఎవరో బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్టుని మార్చేశారు. చేర్చింది ఒక్క లైనే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ బయటి సర్వర్‌కి పోయాయి. ఏప్రిల్ 1న చెక్‌సమ్ సరిపోలట్లేదని ఓ కస్టమర్ చెబితేగానీ తెలీలేదు. హాషికార్ప్ తన రిలీజులపై సంతకం పెట్టే కీని మార్చుకోవాల్సి వచ్చింది.

2022 డిసెంబర్‌లో సర్కిల్‌సీఐ ఇంజనీర్ ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ దూరింది. అప్పటికే లాగిన్ అయిన సెషన్‌నే ఎత్తుకెళ్లారు, కాబట్టి టూ ఫ్యాక్టర్ ఉన్నా లాభం లేకపోయింది. 2023 జనవరి 4న కంపెనీ కస్టమర్లందరికీ చెప్పింది: మీ సీక్రెట్లన్నీ మార్చుకోండి!

2025 మార్చిలో టీజే యాక్షన్స్ వారి చేంజ్డ్ ఫైల్స్. 23 వేలకు పైగా రెపోజిటరీలు వాడుతున్న యాక్షన్ అది. పాత వెర్షన్ ట్యాగుల్నే చెడ్డ కోడ్ వైపు తిప్పారు. సీక్రెట్లు బిల్డ్ లాగ్‌లో ప్రింటయ్యాయి. పబ్లిక్ రెపో అయితే ఆ లాగ్ ఎవరైనా చూడొచ్చు. ముందే మంచి కమిట్ హ్యాష్‌కి పిన్ చేసుకున్నవాళ్లకి ట్యాగు మార్పు తగల్లేదు.

ఈ మూడింట్లోనూ దొంగకి పనికొచ్చింది ఒకటే: రోజుల తరబడి చెల్లే కీలు. అందుకే కాసేపే చెల్లే ఓఐడీసీ టోకెన్ల వైపు జనం మళ్లుతున్నారు. మరి మీ టీమ్‌లో రేపు పొద్దున "అన్నీ మార్చండి" అంటే, ఆ "అన్నీ" ఏవో రాసిపెట్టిన జాబితా ఎవరి దగ్గరుంది?