పశ్చాత్తాపము లేని పునరాగమనము

స్వగ్రామమునకు మరలివచ్చిన పాత్ర తన దోషమునెఱిఁగి మాఱుట అమెరికా చలనచిత్రములందుఁ దఱచుగఁ గానవచ్చు సంప్రదాయము. 2011వ సంవత్సరమున వెలువడిన ‘యంగ్ అడల్ట్’ అను హాస్యచిత్రము దీని నుల్లంఘించినది. రచయిత్రి డయాబ్లో కోడీ. దర్శకుఁడు జేసన్ రైట్‌మన్. వీరిరువురును 2007వ సంవత్సరపు ‘జూనో’ చిత్రమునకుఁ గర్తలు.

చార్లీజ్ థెరాన్ ధరించిన మేవిస్ పాత్ర యన్యుల పేరఁ గిశోరవయస్కుల నవలలు వ్రాయునది. మినియాపొలిస్ నగరమునుండి తాను పెరిగిన యూరికేఁగి, భార్యయు శిశువునుగల పూర్వప్రియుని మరలఁ బొందఁగోరును. ఆలంకారికుల దృష్టిలో నేకపక్షమగు రతి శృంగారాభాసము. ఆభాసము హాస్యమునకు హేతువని యభినవగుప్తుని మతము. కావుననే యామె చేష్టలు నవ్వించును. శిశువు నామకరణోత్సవమున, పూర్వ మాతనివలనఁ దనకుఁ గలిగిన గర్భము స్రవించెనని యామె యెల్లరయెదుట వెల్లడించినంతనే, హాస్యము కరుణమునకుఁ జోటిచ్చును.

పిమ్మటఁ బశ్చాత్తాప మంకురించుచుండఁగా, సహపాఠి సోదరి పొగడ్త దానిని మొదలంటఁ ద్రుంచును. మేవిస్ మాఱకయే నగరమునకు మరలును. స్మృతి కలిగినంతమాత్రమున వివేకము కలుగదు. ఈ కఠినసత్యమును దాఁపకుండుటచేతనే యీ చిత్రము విచారణార్హమైనది.