గంపగుత్త చానెళ్లు

2019 ఫిబ్రవరి మొదటి వారంలో మా కేబుల్ అబ్బాయి ఓ కాగితం తెచ్చిచ్చాడు. రెండువైపులా చానెళ్ల పేర్లు, పక్కనే రేట్లు. "కావాల్సినవాటికి టిక్కు పెట్టండి సార్, మిగతావి రావు" అన్నాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పచారీ చిట్టా చూసినట్టు చూసింది. జెమిని 19, స్టార్ మా 19, జీ తెలుగు 19, ఈటీవీ 17. "నేను చూసేది ఒక్క సీరియల్ కదరా, చానెల్ మొత్తానికి ఎందుకు కట్టాలి?" అంది. ఈ టిక్కుల పద్ధతి పెట్టిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దగ్గర కూడా దీనికి జవాబు లేదు.

వద్దనుకున్నది మానుకునే వీలు మనకు చాలా ఆలస్యంగా వచ్చింది. 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో డిష్‌లు మొలిచాయి. 1992లో జీ టీవీ, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. డాబా మీంచి డాబాకి, కరెంటు స్తంభం మీంచి స్తంభానికి లాగిన ఒకే తీగలో చానెళ్లన్నీ కలిసి పారేవి. ఒక ఇంటికి ఒక చానెల్ ఆపుదామన్నా కుదిరేది కాదు. అందుకే నెలకింతని గంపగుత్త బేరం. వీధిలో వెయ్యి కనెక్షన్లుంటే ఆపరేటరు చానెల్ వాళ్లకు రెండొందలని చెప్పినా లెక్క తేల్చే నాథుడు లేడు. తగవంతా వాళ్లిద్దరి మధ్యే.

2002లో కేబుల్ టీవీ చట్టం సవరించి పే చానెళ్లకు సెట్ టాప్ బాక్స్ తప్పనిసరి చేయాలనుకున్నారు. నాలుగు మహానగరాల్లో అన్నది కాస్తా 2003 సెప్టెంబరులో ఒక్క చెన్నైలోనే అమలైంది. ఢిల్లీ, ముంబై, కోల్‌కతాల్లో కొన్ని ప్రాంతాలకు 2006 ఆఖరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు ఒక్కో పే చానెల్‌కు గరిష్ఠ ధర 5 రూపాయలు. హైదరాబాద్, విశాఖలకు డిజిటల్ డబ్బా గడువు 2013 మార్చి 31.

ఇక మన టిక్కుల కాగితం. పే చానెల్ ఒక్కటీ తీసుకోకపోయినా, వంద చానెళ్లు మోసుకొచ్చినందుకు 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు 2019లో కట్టాల్సి వచ్చేది. ఆ వందలో పాతిక దాకా దూరదర్శన్‌వే. పైన ఆ నాలుగు తెలుగు చానెళ్లూ విడివిడిగా తీసుకుంటే పన్నుతో 87 రూపాయల 32 పైసలు. మొత్తం 240 దాటింది.

అసలు కిటుకు బొకేలో ఉంది. విడిగా 19 చెప్పిన చానెల్‌నే మరో అరడజనుతో కట్టగట్టి చవగ్గా ఇస్తారు. కొత్తిమీర కట్ట కొంటే కరివేపాకు కొసరిచ్చినట్టు కాదిది. కరివేపాకు ఒక్కటే కావాలంటే కట్ట ధర చెప్పినట్టు. కట్టకు రాయితీ 15 శాతం మించకూడదని ట్రాయ్ పెట్టిన షరతును మద్రాసు హైకోర్టు కొట్టేసింది. గంపగుత్త మళ్లీ పెరటి గుమ్మం నుంచి లోపలికొచ్చింది. దీన్ని ఎంపిక అనడానికి నాకు మనసొప్పదు.

అమ్మ చాలాసేపు ఆలోచించి 19 రూపాయల చానెల్ ఒకటి కొట్టేసింది. పన్నుతో కలిపి మాకు నెలకు మిగిలింది 22 రూపాయల 42 పైసలు.