జవాబు వచ్చే ఇరుకు గుమ్మం

ఫంక్షన్‌కు ఎన్ని విలువలైనా అందించవచ్చు, అది తిరిగి ఇచ్చేది మాత్రం ఒక్కటే. ప్రోగ్రామింగ్ పాఠాల తొలి రోజుల్లోనే చెప్పే ఈ నియమం గణితం పెట్టిందని చాలామంది నమ్మకం. వర్గమూలం అడిగితే ఒక్క జవాబే కదా వచ్చేది అంటారు. కానీ జవాబు ఒక జంట కావడానికి గణితంలో అభ్యంతరమేమీ లేదు. భాగహారం చేస్తే భాగఫలం, శేషం రెండూ వస్తాయని బడిపిల్లలకూ తెలుసు. ఈ ఇరుకు గణితం కన్నా పాత యంత్రాల నుంచే ఎక్కువగా వచ్చింది. యంత్రాలు మారాక కూడా అలవాటు నిలిచిపోయింది, దాని ఖరీదు ప్రోగ్రామర్లు దశాబ్దాలపాటు కడుతూ వచ్చారు.

1949 మే 6న కేంబ్రిడ్జ్‌లో తొలి ప్రోగ్రామ్ నడిపిన ఎడ్‌శాక్ కంప్యూటర్‌లో కూడికలన్నీ జరిగే చోటు ఒకటే, అక్యుములేటర్. అక్కడి డేవిడ్ వీలర్ పద్ధతిలో పిలిచేవాడు తాను ఉన్న చోటు గుర్తును అక్యుములేటర్‌లో పెట్టి సబ్‌రొటీన్‌లోకి, అంటే ఆనాటి ఫంక్షన్‌లోకి, దూకుతాడు. సబ్‌రొటీన్ ఆ గుర్తుతో తిరుగు ఆదేశం తయారుచేసి తన చివర్లో రాసుకుంటుంది. అందించాల్సిన వివరాలను పిలుపు వెనకే వరసగా పేర్చవచ్చు, ఎన్నైనా సరే. జవాబు మాత్రం ముందే అనుకున్న చోట దొరకాలి. వీధి వాకిలి వెడల్పు, పెరటి గుమ్మం ఇరుకు అన్నమాట. 1958లో వచ్చిన ఫోర్‌ట్రాన్ 2 ఈ ఇరుకును వీధి వాకిలితోనే తీర్చింది: సబ్‌రొటీన్‌కు విలువ బదులు దాని చిరునామా అందుతుంది, జవాబును అక్కడే రాసేయవచ్చు. చిక్కల్లా ఇక్కడే. రాయకూడని చోట రాసినా అడ్డుచెప్పేవాళ్లు లేరు. 2 అనే స్థిరాంకాన్ని పంపితే సబ్‌రొటీన్ దాని మీద 3 రాసి, ఆపైన ప్రోగ్రామ్‌లో 2 ఉన్నచోటల్లా 3 అని లెక్క కట్టిన సందర్భాలు ఆ తరం వాళ్లకు బాగా తెలుసు. అందరూ పంచుకునే కామన్ బ్లాక్‌లోనైతే పేర్లకు విలువే లేదు, వరసే సర్వస్వం. ఒకచోట వరస తప్పితే పొడవు వెడల్పయ్యేది. తెలుగులో రాముడు రావణుణ్ణి చంపాడన్నా, రావణుణ్ణి రాముడు చంపాడన్నా చచ్చేది రావణుడే, ఎందుకంటే విభక్తి పదంతోపాటే నడుస్తుంది. విలువలకు ఆ విభక్తి లాంటిది అతికించడానికి చాలాకాలం పట్టింది.

సి భాషలో పరిస్థితి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పీడీపీ-11 యంత్రం మీద డెనిస్ రిచీ రాసిన సి కంపైలర్ మామూలుగా జవాబును ఆర్‌జీరో అనే ఒక్క రిజిస్టర్‌లో ఉంచేది. జవాబూ, పని జరగలేదన్న కబురూ రెండూ ఆ ఒక్క గుమ్మంలోంచే రావాలి. అందుకే యూనిక్స్ పిలుపులు విఫలమైతే -1 ఇస్తాయి, కారణం ఎర్‌నో అనే మరో చోట వెతుక్కోవాలి. అక్షరాలను అంకెగా మార్చే ఏటుఐ మరీ అన్యాయం: "0" ఇచ్చినా 0, "మామిడిపండు" ఇచ్చినా 0. సమయాన్ని నెల, రోజు, గంటలుగా విడదీసే లోకల్‌టైమ్ తన సొంత చోటు చిరునామా ఇస్తుంది, రెండోసారి పిలిస్తే మొదటి జవాబు చెరిగిపోవచ్చు. ఇవన్నీ అజాగ్రత్తపరులు చేసిన పనులు కావు. 1978లో కెర్నిగన్, రిచీల పుస్తకం వచ్చేనాటికి, కొన్ని విలువలను ఒక్కటిగా కట్టే స్ట్రక్చర్‌ను యథాతథంగా ఫంక్షన్‌కు పంపడానికీ, తిరిగి ఇవ్వడానికీ ఆ భాషలో వీల్లేదు. వెంటనే ఆ అడ్డు తొలగింది. 1989 నాటి ఆన్సీ ప్రమాణంలో డివ్ అనే చిన్న ఫంక్షన్ భాగఫలాన్నీ శేషాన్నీ పేర్లున్న రెండు అరలుగా ఒక స్ట్రక్చర్‌లో పెట్టి ఇస్తుంది. బడిపిల్లల లెక్కకు సి లైబ్రరీలో సరైన రూపం దొరకడానికి అంతకాలం పట్టింది.

పెద్ద స్ట్రక్చర్‌ను నకలు తీసి పంపడం ఖర్చుతో కూడిన పని, పాతవాళ్లు చిరునామాలు పంపింది అందుకే కదా అని అడగవచ్చు. ఆ రోజుల మెమరీకి అది న్యాయమైన మాటే. కానీ ఆ ఖర్చు తప్పించే పని కంపైలర్ చేయగలదు, చేస్తోంది కూడా: పెద్ద జవాబు కోసం పిలిచేవాడి దగ్గరే చోటు కేటాయించి దాని చిరునామాను చాటుగా అందిస్తుంది. యంత్రం పాత దారిలోనే నడుస్తుంది, చదివే మనిషికి మాత్రం విలువ తిరిగివచ్చినట్టే కనిపిస్తుంది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. గుమ్మం వెడల్పు చేయమంటే ఇల్లంతా మోసుకొచ్చేవాళ్లుంటారు. రెండు అంకెలు చాలినచోట ఇరవై అరల రికార్డు పంపిస్తారు, అప్పుడు ఒక అర మారితే ఎవరెవరి పని చెడుతుందో తెలియదు. స్టీవెన్స్, మైయర్స్, కాన్‌స్టంటైన్ 1974లోనే స్ట్రక్చర్డ్ డిజైన్ వ్యాసంలో భాగాల మధ్య ముడులు ఎంత తక్కువైతే అంత మేలని వాదించారు. ఆ వాదన నాకు సమ్మతమే. అయితే అది అనవసరపు సరుకు మీద అభ్యంతరం, పేర్ల మీద కాదు. శేషానికి శేషమని పేరు పెడితే కొత్త ముడి ఏమీ పడదు. ఫలానా చోట ఉన్నది శేషమని ఇద్దరూ గుర్తుపెట్టుకోవడమే అసలు ముడి, పైగా కోడ్‌లో ఎక్కడా కనిపించని ముడి.

2009లో వెల్లడైన గో భాష విలువనూ తప్పునూ రెండు వేర్వేరు జవాబులుగా ఇవ్వడం అలవాటు చేసింది. -1 తో తంటా అక్కడ తప్పింది. జవాబులు రెండే అయితే వరస గుర్తుంటుంది, పది అయితే ఉండదు. ఒక ఫైల్ వివరాలడిగితే పైథాన్‌లోని ఓఎస్ డాట్ స్టాట్ మొదట్లో కనీసం పది అంకెలను వరసగా కట్టిన టపుల్ ఇచ్చేది, సైజు ఏ వరసలో ఉందో వెతకాల్సి వచ్చేది. 2001 నాటి 2.2 వెర్షన్‌లో ప్రతి అంకెకూ పేరు చేర్చారు; 2008లో వచ్చిన 2.6 లో నేమ్డ్‌టపుల్ ఆ వసతిని అందరికీ ఇచ్చింది. పాత కోడ్ ఆగిపోకుండా వరసనూ అలాగే ఉంచారు. సున్న నుంచి లెక్కపెట్టి ఆరో అంకె అడిగితే ఈరోజుకీ ఫైల్ సైజే వస్తుంది.