నలుగురు కూడి వినిన పాట

పాట పాడుటకు ఒక్క కంఠము చాలును. ఆ పాటకు ఆయుర్దాయము పోయువారు మాత్రము వినువారే. తనకు నచ్చిన పాటను తానొక్కడే విని ఊరకుండగలవాడు అరుదు. పొరుగువానిని పిలిచి, ‘ఇది కాస్త వినవయ్యా’ అని కూర్చుండబెట్టి, వాని ముఖము వంక చూచినగాని రసికునకు తృప్తి కలుగదు. మన సంగీత చరిత్ర వ్రాసినవారు వాగ్గేయకారులను గూర్చియు, గాయకులను గూర్చియు విస్తరించి వ్రాసిరి. వినినవారి చరిత్ర అంతగా వ్రాయబడలేదు. ఆ చరిత్రలో ఒక అధ్యాయమును నస్పూరు వంటి గని ఊరి వైపు నుండి పరికించుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

నస్పూరు గోదావరికి ఉత్తరపు దరిని, మంచిర్యాల చెంత, శ్రీరాంపురము గనుల నానుకొని యున్నది. ఆవలి దరిని రామగుండము, గోదావరిఖని. ఈ సీమ కథ బొగ్గు కథయే. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉనికిని కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ అచట త్రవ్వుటకు హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఒక పల్లె పేరు ఇన్ని ఊళ్ళ బ్రతుకునకు పేరైనది.

గని పనికి వచ్చినవారు పలు తావులనుండి వచ్చిరి. వచ్చుచు తమ తమ పాటలను వెంట దెచ్చిరి. ఒకరిది ఒగ్గు కథ, ఒకరిది బతుకమ్మ పాట, ఒకరిది భజన. పుట్టిన ఊరిలో పాట అందరిదీ గనుక పంచుకొనవలసిన పని లేదు. కొత్త ఊరిలో, క్వార్టర్ల వరుసలో, గోడకు ఇవతల ఒక జిల్లావాడు, అవతల మరియొక జిల్లావాడు. ఇట్టి చోట ఇరుగుపొరుగును కలుపుటకు ఎవరి ఊరిదీ కాని పాట ఒకటి కావలసివచ్చెను. దానిని యంత్రము తెచ్చిపెట్టెను.

మొదట వచ్చినది గ్రామఫోను. మన దేశమున తొలి గ్రామఫోను రికార్డులు 1902లో కలకత్తాలో ముద్రింపబడినవి. గౌహర్ జాన్ అను గాయని అప్పుడు పాడెను. నాటి ప్లేటు లక్కతో చేసినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్క మూడు నిమిషముల పైచిలుకు మ్రోగి ఆగిపోవును. కీ ఇచ్చువాడొకడు, ముల్లు మార్చువాడొకడు, చుట్టును కూర్చుండి వినువారు పదుగురు. తెలుగు నాట ఈ ప్లేట్లపై నాటక పద్యములు మిక్కిలి ఆదరము పొందినవి. గంటలకొలది రాగము సాగదీయు నటుడు మూడు నిమిషములలో పద్యము ముగింపవలసి వచ్చుటచే, వినువానికి కూడ కొత్త అలవాటొకటి ఏర్పడినది: అదే పద్యమును మరల మరల వినుట, ఒక సంగతిని గుర్తుపట్టి ‘ఇదిగో, ఇక్కడ!’ అని ప్రక్కవానికి చెప్పుట. నేటి సంగీతాభిమానుల గోష్ఠికి మూలము ఇచటనే యున్నదని మా అభిప్రాయము.

పిదప రేడియో వచ్చినది. హైదరాబాదున దక్కను రేడియో 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వము పక్షమున ప్రసారములు ప్రారంభించెను. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినవి. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలో చేరినది. విజయవాడనుండి వెలువడిన ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ముఖ్యులు. తెల్లవారగనే ఇంటింట తత్త్వములు, కీర్తనలు వినబడుట ఈ కార్యక్రమము వలన అలవాటైనది.

దూరపు కేంద్రములను పట్టుకొనుట నాడొక విద్య. పగటిపూట మీడియం వేవు తరంగములను ఆకాశమునందలి ఒక విద్యుత్పొర హరించివేయును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ పొర పలుచబడి, పైపొర అద్దము వలె తరంగములను మరల భూమికి పంపును. అందుచేతనే పగలు మూగవోయిన కేంద్రము రాత్రి పలుకును. షార్టు వేవు వందల క్రోసులు దాటి వచ్చును గాని, అల వలె లేచి పడుచుండును. పాట మంచి పట్టులో నుండగా మాయమై, చరణము ముగియు వేళకు తిరిగి వచ్చును. ఏరియలు తీగ ఏ చెట్టునకు కట్టవలెనో, ముల్లు ఏ గీత కడ నిలుపవలెనో తెలిసినవాడు వాడకంతకును ఆచార్యుడు.

ఈ విద్య అక్కరకు వచ్చిన సందర్భమొకటి చరిత్రలో నున్నది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రియైన బి.వి. కేస్కర్ గారు సినిమా పాటల యెడ విముఖులు. శాస్త్రీయ సంగీతమునకు ఆకాశవాణిలో పెద్దపీట వేయించిరి; సినిమా పాటకు చోటు సన్నగిల్లెను. శ్రోతలు వాదింపలేదు, ముల్లు త్రిప్పిరి. రేడియో సిలోను వాణిజ్య ప్రసారములు షార్టు వేవుపై దేశమంతట వినబడుచుండెను. హిందీ పాటలకు అమీన్ సయానీ గారి ‘బినాకా గీత్‌మాలా’ 1952 డిసెంబరులో ప్రారంభమైనది. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గారి కంఠము ఆప్తబంధువు వలె మన ఇండ్లకు పరిచితమైనది. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి ‘వివిధ భారతి’ని ప్రారంభించెను. శాస్త్రీయ సంగీతమునకు ప్రోత్సాహము అవసరమే. నాడు లభించిన ఆదరము వలన ఎందరో విద్వాంసులు బ్రతికిరి. అయినను, ఏది వినవలెనో శ్రోతకు నిర్ణయించి పెట్టుట సాధ్యము కాదనియు, శ్రోత చేతిలో ముల్లున్నదనియు ప్రసారకర్తలు నేర్చుకొన్న పాఠమిది.

కోరిన పాటల కార్యక్రమములతో శ్రోతలకు ఒక వేదిక లభించినది. నాటి బీహారులో, నేటి ఝార్ఖండులో, ఝుమ్రీ తిలైయా అను ఊరున్నది. అభ్రకపు గనుల ఊరు. అచటినుండి వెల్లువగా వచ్చిన ఉత్తరముల వలన ఆ ఊరి పేరు దేశమంతట ప్రసిద్ధమైనది. గని ఊరికే ఈ ఖ్యాతి దక్కుట కేవలము కాకతాళీయము కాదేమో! గనిలో మనిషి హాజరు మస్టరులోని అంకె. దీపము తీసుకొనుటకు బిళ్ళపైని అంకె. కోరిన పాటలో అతడు పూర్తి పేరుతో, ఊరి పేరుతో వినబడును. విజయవాడ వివిధ భారతి ‘జనరంజని’లో పేర్ల వరుస చదువబడునపుడు పాట కంటె ముందు పేరు కొరకు చెవి యొగ్గినవారు ఎందరో! ఒక కార్డుపై ఇంటిల్లిపాది పేర్లు, మిత్రుల పేర్లు వ్రాయుటలోని రహస్యమిదియే. ఒక్కని కోరిక పదిమంది కోరికగా ప్రకటితమగుట అందరికిని ఆనందము.

1947లో కనుగొనబడిన ట్రాన్సిస్టరు 1950ల దశకపు నడుమ చేతి రేడియోగా మారెను. అటుపై గోడకు తీగ అక్కరలేదు. మూడు షిఫ్టుల ఊరిలో దీని ప్రయోజనము ప్రత్యేకమైనది. రాత్రి షిఫ్టువాడు ఇల్లు చేరునప్పటికి భక్తిరంజని. మొదటి షిఫ్టువాడు భోజనము చేసి నడుము వాల్చునప్పటికి మధ్యాహ్నపు పాటలు. రెండవ షిఫ్టువానికి రాత్రి చివరి ప్రసారము. ఒకే వీధిలో ఒక్కొక్కరి చెవికి ఒక్కొక్క వేళ. తాను వినలేకపోయిన దానిని మిత్రుడు విని చెప్పవలెను. పాట పేరు, చిత్రము పేరు, గాయకుడు, సంగీత దర్శకుడు వీనిని పుస్తకములో వ్రాసికొను అలవాటునకు అర్థమిదియే. ఘంటసాల గొప్పయా, పి.బి. శ్రీనివాస్ గొప్పయా అను వాదములో ఆ పుస్తకమే సాక్ష్యము. 1986లో ఆదిలాబాదునను, 1989లో కొత్తగూడెమునను కేంద్రములు వెలసిన పిమ్మట బొగ్గు సీమ కంఠమే బొగ్గు సీమకు వినబడినది.

1963లో ఫిలిప్స్ సంస్థ వెలువరించిన క్యాసెట్టు 1980ల దశకమున మన బజారులకు విస్తారముగా వచ్చినది. కాగితముపై ఇష్టమైన పాటల జాబితా వ్రాసి దుకాణమున ఇచ్చినచో, ఖాళీ క్యాసెట్టుపై నింపి ఇచ్చుచుండిరి. ఆ జాబితాయే ఒక ఆత్మకథ. రేడియోకు క్యాసెట్టు యంత్రమును చేర్చి ప్రసారములను ముద్రించుకొనిన ఉత్సాహవంతులును కలరు. వారి శ్రమ విలువ నేడు తెలియుచున్నది. టేపు ఖరీదైన దినములలో ఒక ప్రసారమును చెరిపి అదే టేపుపై మరియొకటి ముద్రించుట ప్రపంచమున పెక్కు ప్రసార సంస్థల వాడుక. ఇంగ్లండున బి.బి.సి. 2001లో, తన భాండాగారమున లేని పాత ప్రసారములు ఎవరి ఇండ్లనైన నున్నచో తెలుపుడని శ్రోతలనే అర్థించినది. కొన్ని దొరికినవి కూడ. అనగా, ఒక వృద్ధ శ్రోత అటకపైని క్యాసెట్టు ఒక్కొక్కప్పుడు జగత్తులో మిగిలిన ఏకైక ప్రతి.

అందుచేతనే మాకు ఆందోళన కలుగుచున్నది. పదవీ విరమణ చేసిన గని కార్మికుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలెను. సామాను సర్దునపుడు మంచము, బీరువా బండి యెక్కును. పాత ప్లేట్లు, క్యాసెట్లు, పాటల పుస్తకములు తూకమునకు పోవును. పిల్లలను నిందింపరాదు; చేతి ఫోనులో పాటలన్నియు ఉన్నవి కదా అని వారి తలంపు. పాట ఫోనులో ఉన్నమాట నిజమే. ఆ పాటను ఎవరు, ఎప్పుడు, ఎవరితో కూడి వినిరి, ఏల దాచుకొనిరి అను వృత్తాంతము ఏ ఫోనులోను లేదు.

సేకరణ గల పెద్దలకు నాలుగు మాటలు. లక్క ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చక నిలువుగా నుంచుడు; స్పిరిటుతో తుడువకుడు, లక్క దానిలో కరగును. క్యాసెట్లను ఎండకును, అయస్కాంతమునకును దూరముగా నుంచి, ఏడాదికొకసారి ఆ చివరనుండి ఈ చివరకు త్రిప్పుడు. తెలిసినవారిచేత నకలు తీయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, పాటకు ముందు మీ కంఠముతోనే మీ పేరు, ఊరు, ఆ పాట మీకు దొరికిన తీరు చెప్పి ముద్రింపుడు. ఇంటి చిన్నవారు ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు వేసినచో మరింత మేలు. వారికిని వినుట అలవడును.

గాయకుల చరిత్రను గ్రంథకర్తలు వ్రాయుదురు. శ్రోతల చరిత్రను శ్రోతలే చెప్పవలెను. చెప్పువారుండగనే అడిగి వినుట మన విధి.