హోరు సరే... ఎర్తు మాటేమిటి?

ఆత్రేయపురం: పెళ్లయినా, ఓణీల వేడుకైనా, వినాయక నిమజ్జనమైనా డీజే లేనిదే కార్యం పూర్తయినట్లు భావించని రోజులివి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం ఇందుకు మినహాయింపు కాదు. వాడపల్లి వేంకటేశ్వరస్వామి సన్నిధిలో మూడుముళ్లు పడిన సాయంత్రమే పెళ్లివారి కొబ్బరితోటలో బాక్సులు మోగడం పరిపాటిగా మారింది. ఎన్ని బాక్సులు దింపారన్నదే ఇంటి గొప్పకు కొలమానమైంది. వాటికి కరెంటు ఎక్కడి నుంచి తెచ్చారు, ఎర్తు ఉన్నదా అని అడిగేవారు మాత్రం అరుదు.

మూడు దశాబ్దాల క్రితం మైకుసెట్టు అంటే ఒక ఆంప్లిఫయరు, ఒక టేపు, కొబ్బరిచెట్లకు కట్టిన రెండు ఇనుప హారన్లు. పాట బొంగురుగా వినిపించినా వంద వాట్లతోనే పొరుగూరికి కబురు అందేది. బాక్సుల్లో వినిపించే గుండెలదిరే బేస్ హారన్‌లో పలకదు. ఆ బేస్ కోసమే నేడు వేల వాట్ల ఆంప్లిఫయర్లు అవసరమవుతున్నాయి. ప్రమాదమూ అక్కడే మొదలవుతోంది.

లెక్క తెలిసి లాగాలి

230 వోల్టుల సరఫరాపై వెయ్యి వాట్ల లోడు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆంప్లిఫయర్లు, లైట్లు, పొగ యంత్రం, ఐస్‌క్రీం పెట్టె అన్నీ ఒకే బోర్డుకు తగిలిస్తే ఇంటి సర్వీసు వైరు తట్టుకోలేదు. బేస్ దెబ్బ పడినప్పుడల్లా పందిట్లో బల్బులు మసకబారుతుంటే సరఫరా చాలడం లేదని గ్రహించాలి. ఇటువంటి సందర్భాల్లో తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి తాత్కాలిక కనెక్షన్ తీసుకోవడం లేదా జనరేటరు తెప్పించుకోవడం ఉత్తమం. స్తంభం మీది తీగలకు కొక్కేలు తగిలించడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద నేరం. నేరం సంగతి అలా ఉంచినా, కొక్కేనికి ఫ్యూజు ఉండదు.

వైరు విషయంలో కనిపించే మరో నిర్లక్ష్యం, పొడవాటి వైరును చుట్టగా ఉంచి కావలసినంత మేరకే లాగడం. లోడు ఎక్కువైతే చుట్టలోని వేడి బయటకు పోలేక పైతొడుగు కరుగుతుంది. పూర్తిగా విప్పి, జనం తొక్కని దారిలో వేయాలి. అతుకులు నేలమీద, ముఖ్యంగా సాయంత్రం నీరు పెట్టిన తోటలో, ఉండరాదు.

మూడో పిన్ను ఎందుకు విరిచారు?

ఈ ప్రాంతపు పందిళ్లలో ఆంప్లిఫయర్ల వెనుకకు వెళ్లి చూస్తే తరచు కనిపించే దృశ్యం ఒకటుంది. ప్లగ్గుకు మూడో పిన్ను ఉండదు. విరిగిపోయింది కాదు, విరిచినదే. కారణం అడిగితే ‘హమ్ వస్తోంది’ అన్న సమాధానం వస్తుంది. మిక్సరు ఒక బోర్డు నుంచి, ఆంప్లిఫయర్లు వేరొక బోర్డు నుంచి కరెంటు తీసుకున్నప్పుడు రెండు ఎర్తుల నడుమ స్వల్ప తేడా ఏర్పడి బాక్సుల్లో ‘గుం’ అనే మోత వినిపిస్తుంది. ఎర్తు తొలగిస్తే మోత పోతుంది. దానితోపాటు రక్షణ కూడా పోతుంది.

ఆంప్లిఫయరు లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు తీగ ఇనుప పెట్టెకు తగిలితే, ఎర్తు ఉన్నప్పుడు ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది లేదా ట్రిప్పరు పడిపోతుంది. ఎర్తు లేకపోతే పెట్టెపై కరెంటు అలాగే నిలిచి, కేబుల్ పైతొడుగు తీగ మీదుగా మిక్సరుకు, అక్కడి నుంచి మైకుకు చేరుతుంది. మైకు పట్టుకునేది ఎవరు? కోనసీమ తడినేలపై చెప్పులు విడిచి నిలబడిన పెళ్లికొడుకో, దీవెనలు చదవబోయే మేనమామో.

మోతకు సరైన మందు వేరే ఉంది. మిక్సరుకు, ఆంప్లిఫయర్లకు ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. ఆ రెండింటి నడుమ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వాడాలి. లాప్‌టాప్ నుంచి మోత వస్తుంటే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చిన్న పెట్టె తగిలించాలి. దీని ఖర్చు ఒక బాక్సు అద్దెకు మించదని ఈ వృత్తిలోని వారే అంగీకరిస్తారు.

పందిట్లో ఎర్తు లేకుంటే రెండున్నర మీటర్లకు తగ్గని ఇనుప గొట్టాన్ని భూమిలోకి దింపి తాత్కాలిక ఎర్తు చేయవచ్చు. లంక భూముల చెమ్మ ఇక్కడ మేలు చేస్తుంది. అయితే ఒక్క గొట్టంతోనే ఫ్యూజు ఎగురుతుందన్న భరోసా లేదు కనుక 30 మిల్లీఆంపియర్లకే సరఫరా తెంచే ఆర్‌సీసీబీని మెయిన్ బోర్డులో అమర్చడం తప్పనిసరి. దానిపై ఉన్న ‘టెస్ట్’ మీటను పాటలు మొదలుపెట్టే ముందు నొక్కి చూడాలి. జనరేటరు తెచ్చినా దాని ఒంటికి ఎర్తు ఉండాల్సిందే. ఈ పనులన్నీ ఎలక్ట్రీషియన్ చేయవలసినవే తప్ప బాక్సులు మోసే కుర్రవాళ్లు చేయవలసినవి కావు.

బాక్సులు ఎక్కడ, మైకు ఎక్కడ

బేస్ బాక్సులు నేలపై, వీలైతే అన్నీ ఒకేచోట ఉంచాలి. విడదీస్తే పందిట్లో కొన్నిచోట్ల బేస్ అదరగొట్టి, మరికొన్నిచోట్ల మాయమవుతుంది. టాప్ బాక్సులు స్టాండ్లపై తలల కంటే ఎత్తున, కొద్దిగా కిందికి వంచి ఉండాలి. అవి తలల ఎత్తులోనే ఉంటే ముందు వరుస చెవులు పగిలి, వెనుకవారికి ఏమీ వినిపించదు. మైకు బాక్సులకు వెనుక ఉండాలి, ముందుకు వస్తే కీచుమంటుంది. బాక్సుల ముఖం ఊరివైపు కాక పొలంవైపు తిప్పాలి. భోజనాల బంతి పక్కన బాక్సు పెట్టడం మాత్రం క్షమించరానిది. పప్పు వడ్డించేవాడికి ‘చాలు’ అన్న మాట వినిపించకపోతే ఆకు ఏమవుతుందో తెలిసిందే.

8 ఓంల బాక్సులు రెండు కలిపితే ఆంప్లిఫయరుకు 4 ఓంలు, నాలుగు కలిపితే 2 ఓంలు కనిపిస్తాయి. చాలా ఆంప్లిఫయర్లు 2 ఓంలను భరించవు. ఎంతవరకు అనుమతి ఉన్నదో వెనుకభాగంలోనే ముద్రించి ఉంటుంది. మిక్సరుపై ఎర్రదీపం ఎడతెగక వెలుగుతుంటే శబ్దం పెరగదు, చెడుతుంది. టాప్‌లోని చిన్న డ్రైవర్లు ముందుగా కాలిపోయేది ఇందువల్లనే.

ఎంత శబ్దం, ఎంతసేపు

బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపయ్యే కొద్దీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 4 మీటర్ల దూరంలో 100 ఉన్న శబ్దం 8 మీటర్ల వద్ద 94గా, 16 మీటర్ల వద్ద 88గా ఉంటుంది. వేడుక వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. చంటిబిడ్డలను, వృద్ధులను బాక్సులకు దూరంగా కూర్చోబెట్టవలసిన అవసరం దీన్నిబట్టే తెలుస్తుంది.

చట్టం ఇంకా కఠినం. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ప్రైవేటు స్థలంలో పెట్టిన సెట్టు శబ్దం ఆ స్థలం సరిహద్దు వద్ద ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటరాదు. పై లెక్కను ఇంకా ముందుకు తీసుకెళితే 256 మీటర్ల దూరాన కూడా 64 ఉంటుంది. అంటే మన పెళ్లిళ్లలో నిబంధనకు లోబడి మోగే డీజే దాదాపు లేనట్లే. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా పరిగణిస్తారు. లౌడ్‌స్పీకరుకు ముందుగా రాతపూర్వక అనుమతి పొందాలి. ఈ నియంత్రణను సుప్రీంకోర్టు 2005 జులై 18న ఇచ్చిన తీర్పులో గట్టిగా సమర్థించింది. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

ఊరేగింపులో తల పైకెత్తి చూడాలి

ఒకవైపు కాలువ, మరోవైపు ఇళ్లు, పైన కరెంటు తీగలు. మన ఊరేగింపు దారులు చాలావరకు ఇవే. ట్రాలీపై రెండు వరుసల బాక్సులు, వాటిపై లైట్ల చట్రం, ఆపైన జెండా ఊపే కుర్రవాడు. వశిష్ఠ గోదావరికి ఆవల ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో 2024 నవంబరు 4న ఫ్లెక్సీ కడుతూ నలుగురు విద్యుదాఘాతానికి బలయ్యారు. అక్కడ డీజే లేకపోయినా, తల పైనున్న తీగ ఒకటే. బండి ఎత్తును ముందే కొలిచి, పగటిపూట దారంతా ఒకసారి నడిచి చూడాలి. వేలాడే తీగలు కనిపిస్తే 1912కు తెలపాలి. కర్రతో తీగ ఎత్తి బండిని దాటించే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు.

సెట్టు పెట్టేటప్పుడు ముందు మిక్సరు, చివర ఆంప్లిఫయర్లు వేయాలి. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయర్లు, తర్వాతనే మిక్సరు. తెల్లవారుజామున నిద్రమత్తులో సామాను సర్దేవారు మెయిన్ ఆపిన తరువాతే ఏ వైరునైనా ముట్టుకోవాలి. ఎర్తు వైరును అన్నిటికంటే చివర విప్పాలి.