రాగులు వచ్చిన దారిలో ఉపాధ్యాయులు

చిలమత్తూరు ప్రాంతమున రాగిసంగటి ఎరుగని ఇల్లు ఉండదు. ఆ రాగికి పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా పీఠభూములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వేల ఏండ్ల క్రిందట అక్కడినుండి మనకు గింజ వచ్చినది. ఇరువదవ శతాబ్దమున మన దేశమునుండి అక్కడికి ఉపాధ్యాయులు వెళ్ళిరి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల యువతీయువకులలో ఆఫ్రికాలో ఆంగ్లబోధన ఉద్యోగమునకై ఆలోచించువారికి ఆ పాత ప్రయాణముల కథ తెలియుట మేలని మేము తలచుచున్నాము.

ఆంగ్లము మనకును పరాయి భాషయే. 1800లో ఈ సీమ కుంపిణీ వశమైనది. దీని మొదటి కలెక్టరు మన్రో, 1826లో మద్రాసు గవర్నరుగా, ప్రతి జిల్లాయందును తాలూకాయందును పాఠశాలలు స్థాపింపవలెనని ప్రతిపాదించెను. 1916లో అనంతపురమున కళాశాల వెలసినది. 1958లో ఆంగ్లబోధకుల శిక్షణకై హైదరాబాదున కేంద్రసంస్థ ఏర్పడినది. ఈ విధముగ ఒక భాషను కష్టపడి నేర్చినవానికి, శిష్యుడు ఎక్కడ తడబడునో బాగుగా తెలియును. ఆఫ్రికాలో మనవారికి అక్కరకు వచ్చిన విద్య ఇదియే.

ఇథియోపియా సంగతి చూడుడు. 1936 నుండి 1941 వరకు ఆ దేశము ఇటలీ ఆక్రమణలో నుండెను. 1937 నాటి మారణకాండలో చదువుకొన్న యువకులు పెక్కుమంది హతులైరి. స్వాతంత్ర్యము తిరిగి వచ్చుసరికి బడులు తెరచుటకు పంతుళ్ళు లేరు. పై తరగతులకు ఆంగ్లమే బోధనాభాష. 1956లో హైలే సెలాసీ చక్రవర్తి భారతదేశమును దర్శించెను. ఆ కాలమున భారతీయ ఉపాధ్యాయులు అనేకులు అక్కడి చిన్న పట్టణముల బడులలో సైతము చేరిరి. 1962లో అమెరికా పీస్ కోర్ బోధకులును వచ్చిరి.

మనవారికి ఆ దేశము పూర్తిగా కొత్త కాదు. అమ్హారిక్ లిపిలో ఒక్కొక్క హల్లునకు ఏడు రూపములు కలవు. మన గుణింతము వంటిదే. గంటల లెక్క సూర్యోదయముతో మొదలగును. బడి రెండు గంటలకనిన, మన ఉదయము ఎనిమిది అని గ్రహింపవలెను.

ఇతర దేశములలోను అవసరము ఇట్టిదే. 1964లో జాంబియా స్వతంత్రమగునాటికి అచ్చటి పట్టభద్రులు నూరుగురికి అటునిటుగా మాత్రమే ఉండిరి. నైజీరియా 1976లో సార్వత్రిక ప్రాథమిక విద్యను ప్రారంభించినది. చమురు ధనముండుటచే విదేశీ బోధకులకు మంచి జీతము లిచ్చినది.

కాని ఈ ఉద్యోగములు శాశ్వతములు కావు. 1974లో ఇథియోపియా చక్రవర్తి పదచ్యుతుడయ్యెను. పిమ్మట హింసాకాండ చెలరేగెను. నైజీరియాలో చమురు ధర పడిపోయి, 1986లో నైరా విలువ తగ్గింపబడెను. జీతము అంకెలలో మారకున్నను, ఇంటికి పంపిన సొమ్ము కుంచించుకుపోయెను. ఇవి విపత్తులు. ఇవి లేకున్నను, తన బిడ్డలనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుకొన్న దేశము విదేశీయుని మునుపటివలె పిలువదు. అది అన్యాయము కాదు. మన పంతులు వెళ్ళిన పని నెరవేరినదనుటకు గుర్తు.

కావున పోదలచినవారు జీతపు అంకెను మాత్రమే చూడరాదు. ఏ నాణెమున నిత్తురు? ఎన్ని సంవత్సరముల ఒప్పందము? తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిది? మధ్యవర్తి ప్రభుత్వమువద్ద నమోదైనవాడేనా? తిరిగివచ్చిన పిదప ఆ అనుభవమును ఇక్కడి బడులు గుర్తించునా? ఈ ప్రశ్నలకు వ్రాతపూర్వకముగ సమాధానము పొందిన పిమ్మటనే సంతకము చేయవలెను. ఆ దారి మూసికొనిపోయినదని మేము చెప్పుట లేదు. రెండు మూడేండ్ల పనికి పోవుచున్నామని ఎరిగి పోవువానికి అది నేటికిని మంచి దారియే. జీవితాంతపు కొలువని నమ్మి, ఉన్న పొలము అమ్మి పోవలదని మాత్రమే చరిత్ర చెప్పుచున్నది.