మొటిమల చరిత్ర

ఉన్నత పాఠశాల తరగతిలో ఎందరి ముఖములమీదనో కనిపించు మొటిమను వ్యాధియని పిలుచుటకు మనము సంకోచింతుము. వయసు వచ్చినది, అదే పోవునని పెద్దలు తేల్చివేయుదురు. పైపైని లేచు చిన్న పొక్కుల విషయమున ఆ మాట చాలవరకు నిజమే. కాని చర్మము అడుగున గట్టి గడ్డలవలె లేచి, తాకిన నొప్పిపెట్టుచు, వారములకొలది నిలిచి, పోవునప్పుడు గుంటలు మిగిల్చిపోవు మొటిమలు వేరొక తెగకు చెందినవి. వీని సంగతి తెలియుటకు చాల శతాబ్దములు పట్టినది. ఆ దారిలో నేర్పరులైన వైద్యులే కొన్ని పెద్ద పొరపాట్లు చేసిరి.

సుశ్రుత సంహితలో క్షుద్రరోగముల ప్రకరణమున వీనికి ‘ముఖదూషిక’ అని పేరు. కఫము, వాతము, రక్తము చెడుటచే యువకుల ముఖమున బూరుగు ముండ్లవంటి పొక్కులు పుట్టునని అందు చెప్పబడినది. బూరుగు మ్రానును చూచినవారికి ఈ పోలిక ఎంత సరియైనదో వేరుగా చెప్పనక్కరలేదు. దోషముల సిద్ధాంతమును నేటి విజ్ఞానము అంగీకరింపదు. ఇది యౌవనమునకు సంబంధించినదన్న పరిశీలన మాత్రము నిలిచినది.

ఐరోపాలో లండను వైద్యుడు రాబర్ట్ విల్లన్ చర్మవ్యాధులను కంటికి కనిపించు రూపమునుబట్టి వర్గీకరింప బూనెను. ఆయన 1812లో మరణింపగా శిష్యుడు థామస్ బేట్‌మన్ 1813లో ఆ వర్గీకరణను గ్రంథముగా ప్రకటించెను. అందు మొటిమలలో ‘గట్టిపడినవి’ అను తెగ ప్రత్యేకముగా కలదు. పేరైతే వచ్చినది గాని కారణము తెలియలేదు. తెలియనిచోట నిందలు చేరుట లోకసహజము. మురికి, అజీర్ణము, చివరకు దుర్నడత కూడ కారణములని ఆ శతాబ్దమున చెప్పిరి. ముఖము చెడినందుకు తోడు ఈ అపవాదునుగూడ యువకులు మోయవలసివచ్చెను.

1896లో జర్మను వైద్యుడు ఉన్నా మొటిమలలోని కొవ్వు బిరడాను సూక్ష్మదర్శినితో పరీక్షించి అందు బాక్టీరియాలను చూచెను. దోషి దొరికినట్లే అనిపించినది. కాని అవే బాక్టీరియాలు మొటిమలు లేనివారి చర్మముపైనను నివసించుచున్నవి!

1941లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హామిల్టన్ ముఖ్యమైన ముడిని విప్పెను. యుక్తవయస్సునకు ముందే వృషణములు కోల్పోయినవారికి మొటిమలు రాకుండుటయు, అట్టివారికి పురుష హార్మోనగు టెస్టోస్టెరాను ఇచ్చినప్పుడు కొందరికి వచ్చుటయు ఆయన గమనించెను. ఈ జాతి హార్మోనులు కొద్దిగా స్త్రీల శరీరమునను తయారగును.

జరుగునది ఇది. వెంట్రుక మొలచు రోమకూపమును ఆనుకొని తైలగ్రంథి ఉండును. హార్మోను ప్రభావమున గ్రంథి పెరిగి కొవ్వును ఎక్కువగా స్రవించును. కూపము నోటివద్ద మృతకణములు అంటుకొని బిరడా పడును. పైకి తెరచుకొన్న బిరడా నల్లగా కనిపించును. ఆ నలుపు ముఖ్యముగా చర్మములోని మెలనిన్ రంగే గాని మురికి కాదు. లోపల గాలి సోకని చోట బాక్టీరియాలు పెరిగి వాపు కలిగించును. ఒక్కొక్కప్పుడు కూపము గోడ లోపలనే పగులును. కొవ్వు, మృతకణములు లోతైన పొరలోనికి చిమ్మబడును. దేహము వానిని పరాయి వస్తువులుగా ఎంచి పోరాడును. ఆ పోరాటమే నొప్పిపెట్టు గడ్డ. వ్రేళ్లతో నొక్కినచో లోనున్నది మరింత లోతునకు పోవును, మచ్చ నిలుచును.

చికిత్స చరిత్రలో విచారకరమైన అధ్యాయము ఎక్సు కిరణములది. అవి తైలగ్రంథులను కుదించును గనుక ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఎందరో యువతీయువకుల ముఖములపై వానిని ప్రసరింపజేసిరి. కొందరికి తరువాతి కాలమున చర్మమునందును, థైరాయిడ్ గ్రంథియందును పుట్టకురుపు పుట్టినది.

ఆహారమునుగూర్చిన వాదము నేటికిని పూర్తిగా తీరలేదు. 1969లో అమెరికాలో 65 మందికి కొందరికి చాకొలేట్టు, కొందరికి చాకొలేట్టు లేని మిఠాయి ఇచ్చి భేదము లేదని ప్రకటించిరి. కాని ఆ రెండవదానిలోను చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నవి! ప్రయోగమున పోలిక ఎట్లుండవలెనో చెప్పుటకు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకులపై 12 వారములు జరిగిన ప్రయోగమున, రక్తములో చక్కెరను వేగముగా పెంచు ఆహారము తగ్గించినవారికి మొటిమలు ఎక్కువగా తగ్గినవి.

1979లో గేరీ పెక్, ఆయన సహచరులు విటమిన్ ఎ నుండి వచ్చిన ఐసోట్రెటినోయిన్‌ను మొండి గడ్డలుగల 14 మందికి ఇచ్చిరి. 13 మందికి పూర్తిగా నయమైనది. అమెరికా ప్రభుత్వము 1982లో దానిని అనుమతించెను. గర్భిణులు వాడరాదని హెచ్చరిక ఉన్నను, వాడిన తల్లులకు గుండె, చెవులు, మెదడు వికలమైన శిశువులు పుట్టిరి. 2006 నుండి అక్కడ వైద్యులు, రోగులు, మందుల దుకాణములు పేర్లు నమోదు చేసికొననిదే ఆ మందు ఇయ్యరాదు. ఇది నేటికిని గడ్డ మొటిమలకు సాటిలేని మందే. అయినను వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను.

తేలికరకమునకు బెంజాయిల్ పెరాక్సైడు, అడాపలీన్ పూతలు చాలును. ఫలితము కనిపించుటకు ఆరు నుండి పండ్రెండు వారములు పట్టును. అంత ఓపికలేనివారు తెల్లబడుటకని బజారులో కొను పూతలలో స్టీరాయిడు కలిసియుండుట కలదు. అవి మొదట వాపు తీసి, కొన్ని వారములకు తామే క్రొత్త మొటిమలను లేపును.